మూడో గుర్రం

పిల్లలూ,

పోయిన నెలలో ఒక ఆదివారం ఉదయం మా భవనంలో ఉండే పిల్లలు ఎనిమిదిమంది నా దగ్గరికి వచ్చారు. ఉద్యోగం విరమించాక నేను మా అబ్బాయి దగ్గర హైదరాబాదులో ఉంటున్నాను. హైటెక్ సిటీకి దగ్గర్లో, కొండాపూరులో, పన్నెండంతస్తుల అపార్ట్‌మెంటు మాది. వరండాలో నిలబడితే అద్దాల మేడలు బారులు తీరి కనిపిస్తాయి. వాటి సందుల్లో అక్కడక్కడ, పగలగొట్టడానికి ఇంకా ఎవరికీ తీరిక దొరకని గుండ్రాళ్ళు కొన్ని మిగిలాయి. సైబర్ టవర్స్ ప్రారంభించింది 1998లో. ఆ రాళ్ళ వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. నాకు ఆ రాళ్ళను చూస్తూ కాఫీ తాగడం అలవాటు.

పిల్లలు వచ్చీ రావడంతోనే, "తాతగారూ, సంక్రాంతి సెలవులకు మేం గుర్రాలు తీసుకుని కొండల్లోకి వెళతాం. గుడారాలు వేసుకుని ఉంటాం. మీరు కూడా రావాలి," అన్నారు. వాళ్ళలో ఒక అమ్మాయి తండ్రి కంప్యూటర్ కంపెనీలో పెద్ద ఉద్యోగి. ప్రయాణానికి కావలసిన వస్తువులన్నిటితో ఆయన ఒక పట్టిక తయారు చేశాడట. దాన్ని అచ్చు వేసి తెచ్చారు. ఇరవైఏడు వరసలున్నాయి. గుడారాలున్నాయి, దుప్పట్లున్నాయి, టార్చిలైట్లున్నాయి, పళ్ళు తోముకునే బ్రష్షులు కూడా ఉన్నాయి.

నేను కళ్ళజోడు పెట్టుకుని పట్టిక పైనుంచి కిందిదాకా రెండుసార్లు చదివాను. "అంతా బాగానే ఉంది. గుర్రం ఏదీ?" అన్నాను.

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గుర్రాలతో ప్రయాణానికి వేసిన పట్టికలో గుర్రం తప్ప అన్నీ ఉన్నాయి! గుర్రం అక్కడ దొరుకుతుంది గనక దాన్ని రాయలేదన్నారు. బస్సు దొరికినట్టు గుర్రమూ దొరుకుతుంది, నిజమే. కాని బస్సు నీళ్ళు తాగదు, గడ్డి మెయ్యదు, దాని వీపు పుండు పడదు. అందుచేత ఆ పట్టికను పక్కన పెట్టి, గుర్రం దగ్గరనుంచి మళ్ళీ మొదలుపెట్టాం. అదెట్లా చేశామో మీకూ చెబుతాను.

మొదట ఎక్కడికి వెళ్ళాలన్న ప్రశ్న. గుర్రాలు మోసే కొండలంటే చాలామందికి కేదారనాథ్ గుర్తొస్తుంది. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు వెళ్ళి వచ్చే ఉంటారు. కాని అంత దూరం పోనక్కరలేదు. మన తూర్పు కనుమల్లో, పాడేరు, చింతపల్లి, జి.మాడుగుల ప్రాంతాలలో కొండమీది గూడేలవాళ్ళు చిన్నజాతి గుర్రాలను పెంచుతారు. అవి స్వారీకి కావు, బరువుకు. కొండపై పండిన పంటను సంతకు దింపేదీ, సంతలో కొన్న ఉప్పూ బియ్యమూ పైకి చేర్చేదీ అవే. రోడ్డు వేసిన ఊళ్ళల్లో మోటారు సైకిళ్ళు వచ్చి గుర్రాలు తగ్గిపోయాయి. రోడ్డు లేని గూడేలకు ఇంకా అవే ఆధారం. ఇదివరకు విశాఖపట్నం జిల్లాలో ఉండిన ఈ ప్రాంతమంతా 2022 ఏప్రిల్ 4నుంచి పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. నేను చిన్న వయస్సులో అక్కడ కొన్నాళ్ళు పంతులుగా పనిచేశాను గనక ఆ దారులు కొంచెం ఎరుగుదును.

(ఇక్కడ ఒక హెచ్చరిక. అరకు దారిలో బొర్రా గుహల దగ్గర ఒక అనంతగిరి ఉంది. మన హైదరాబాదుకు పడమరగా, వికారాబాదు దగ్గర, మూసీనది పుట్టే చోట మరొక అనంతగిరి ఉంది. మా పిల్లల్లో ఒకడు ఒకదానికి దారి వెతికి రెండోదానికి బస చూశాడు. రెంటికీ మధ్య ఒక రాత్రి రైలు ప్రయాణం!)

ఇక గుర్రం. మీరు పాఠాలలో గుర్రం శాకాహారి అనీ, నిలబడి నిద్రపోగలదనీ చదివి ఉంటారు. ప్రయాణం చేసేవాడికి కావలసినవి వేరే సంగతులు. కొండ గుర్రం బరువు సుమారు 250 కిలోలు అనుకుందాం. బరువు మోసిన రోజున అది దాదాపు 30 లీటర్ల నీళ్ళు తాగుతుంది. రోజుకు తన బరువులో నూటికి రెండు వంతులు, అంటే అయిదు కిలోల ఎండుమేత కావాలి. పచ్చగడ్డి అయితే అందులో నీరే ఎక్కువ గనక ఇంకా చాలా మెయ్యాలి. పైగా గుర్రం ఆవులాగా గబగబా మేసి, తీరిగ్గా పడుకుని నెమరు వెయ్యదు. ఒంటికి తగినంత పెద్ద పొట్ట కాదు దానిది. కొద్దికొద్దిగా, పగలూ రాత్రీ మేస్తూనే ఉండాలి. ఇంకొక చిత్రం ఏమిటంటే, గుర్రం వాంతి చేసుకోలేదు. తినకూడనిది తిన్నా, ఒక్కసారిగా ఎక్కువ దాణా తిన్నా, కడుపునొప్పితో ప్రాణంమీదికి వస్తుంది. మీరు ముద్దు చేసి బిస్కట్టు పొట్లం మొత్తం పెట్టారనుకోండి, అది ముద్దు కాదు.

ఈ లెక్కలు చెప్పగానే, ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి ఒకటి అంది: "అయితే తాతగారూ, గుడారం ఎక్కడ వెయ్యాలో మనం కాదు, గుర్రమే చెబుతుంది!"

సరిగ్గా అంతే. వాగు దగ్గరగా ఉండాలి, చుట్టూ గడ్డి ఉండాలి, రాత్రి పొడుగు తాడుతో కట్టి మేపడానికి కొంచెం సమంగా ఉన్న నేల ఉండాలి. ఈ మూడూ ఉన్న చోటే మజిలీ. ఎంత అందమైన శిఖరమైనా నీళ్ళు లేకపోతే అక్కడ కూర్చుని ఫోటో తీసుకుని దిగిపోవలసిందే. గుర్రాలను వాగుకు దిగువన నీళ్ళకు తీసుకుపోవాలి, మనం ఎగువన పట్టుకోవాలి. మరుగుదొడ్డి గుంట వాగుకు కనీసం నూరు అడుగులు దూరంగా తవ్వుకోవాలి. తాగే నీళ్ళు మరిగించి చల్లార్చుకోవాలి.

మజిలీ అనే మాట ఇప్పుడు మీరు కథల్లోనే వింటారు. పూర్వం మజిలీ తప్పితే ప్రయాణమే లేదు. 1830 మే 18న ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్నంనుంచి కాశీకి బయలుదేరారు. పల్లకీ బోయీలూ, పనివాళ్ళూ, ఇంటివాళ్ళూ కలిసి నూరుమంది పరివారం. గుడారాలు వెంట ఉన్నాయి. శ్రీశైలం చూసి, మన హైదరాబాదుమీదుగా కాశీ వెళ్ళి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. ఆయన "కాశీయాత్ర చరిత్ర" చదివితే, ప్రతి మజిలీలోనూ నీళ్ళెట్లా ఉన్నాయి, అంగళ్ళున్నాయా, గుడారం వెయ్యడానికి చోటుందా అని రాసుకుంటూ పోవడం కనిపిస్తుంది. ఆనాడు ఎవరికైనా అవే ముఖ్యమైన సంగతులు. గోలకొండ పక్కనున్న కార్వాన్ పేరు విన్నారు కదా? బిడారులు, అంటే వర్తకుల గుంపులు, దిగిన చోటు గనక ఆ పేటకు ఆ పేరు. అక్కడినుంచి మన అద్దాల మేడలు ఎంత దూరం? ఇప్పుడు మాత్రం ఉప్పు అయిపోతే ఫోనులో నొక్కుతారు, పది నిమిషాల్లో కుర్రవాడు మోటారు సైకిలు మీద తెచ్చి గుమ్మంలో పెడతాడు. మా పిల్లలు కొండమీద కూడా అట్లాగే జరుగుతుందనుకున్నారని నేననను. కాని వాళ్ళ పట్టికలో ఉప్పు లేదు!

ఇక ఎప్పుడు వెళ్ళాలి? సంక్రాంతి అని మొదట అన్న పిల్లలే, ఎవరో తీసిన జలపాతాల బొమ్మలు చూసి, జులైలో అయితే ఇంకా బాగుంటుందని వాదించారు. వానల్లో కొండలు అందంగానే ఉంటాయి. అందుకు వాళ్ళకు ఒక నిజమైన కథ చెప్పాను.

1818లో జార్జి ఎవరెస్టు అనే ఇంగ్లీషు యువకుణ్ణి విలియం లాంబ్టన్‌కు సహాయకుడుగా నియమించి హైదరాబాదు పంపారు. అప్పటికి అతని వయస్సు ఇరవైఎనిమిది. లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర మొదలుపెట్టి దేశమంతటినీ త్రిభుజాలుగా కొలుస్తూ వస్తున్నాడు. కొండమీదినుంచి కొండమీదికి గురి చూసి కోణాలు కొలవడం ఆ పని. లాంబ్టన్ వాడిన పెద్ద యంత్రం ఒక్కటే అర టన్ను బరువు. 1819లో కృష్ణా గోదావరుల మధ్య అడవి కొండలను కొలిచే పని ఎవరెస్టుకు అప్పగించారు. వాన వెలిశాక గాలిలో దుమ్ము ఉండదు, దూరపు కొండలు చక్కగా కనిపిస్తాయి. అందుచేత వానాకాలంలోనే బయలుదేరారు. కొలతకు మంచి కాలమే. మనుషులకు కాదు. గోదావరి వైపు అడవులలో జ్వరం పట్టుకుంది. ఎవరెస్టుతోపాటు దాదాపు నూటయాభైమంది మంచాన పడ్డారు. వాళ్ళను వెనక్కు తీసుకురావడానికి హైదరాబాదునుంచి మనుషులనూ వాహనాలనూ పంపవలసి వచ్చింది. దారిలోనే పదిహేనుమంది చనిపోయారు. ఎవరెస్టు బతికాడు గాని, ఆరోగ్యం కుదుటపడడానికి 1820లో దక్షిణాఫ్రికా వెళ్ళవలసి వచ్చింది.

అవును, ఆ ఎవరెస్టే. 1865లో ప్రపంచంలోకెల్లా ఎత్తయిన శిఖరానికి పెట్టింది అతని పేరే. అదే శిఖరాన్ని మన నిజామాబాదు జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎక్కింది. అప్పటికి ఆమెకు పధ్నాలుగేళ్ళు నిండలేదు. ఆమె రాళ్ళెక్కడం నేర్చుకున్నది మన భువనగిరి కోట బండమీద.

ఆ రోజుల్లో జ్వరం చెడ్డగాలివల్ల వస్తుందనుకునేవారు. మలేరియా అన్న మాటకు అర్థమే చెడుగాలి. దోమ సంగతి తెలియడానికి ఇంకా డెబ్బై ఎనిమిదేళ్ళు పట్టింది. అది తెలిసింది మరెక్కడో కాదు, మన సికిందరాబాదులోనే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపును సూక్ష్మదర్శినిలో చూసి మలేరియా క్రిమిని కనిపెట్టాడు. ఆయన పనిచేసిన భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది. మీ నాన్నగారు ఆ దారినే రోజూ కారులో పోతూ ఉండవచ్చు, ఒకసారి ఆపమనండి.

అందుచేత జులై కాదు, జనవరే. చలి ఉంటుంది. సముద్రమట్టంనుంచి వెయ్యి మీటర్లు పైకి పోతే సుమారు ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది. చింతపల్లి, లంబసింగి వైపు తెల్లవారుజామున పచ్చికమీద మంచు పేరుకునే రోజులూ ఉంటాయి. చలికి దుప్పటి ఉంది. కాని జనవరి అయినా దోమతెర మానకూడదు. అడవిలోకి పోవడానికి అటవీశాఖవారి అనుమతి ముందే తీసుకోవాలి. ఎండుగడ్డి ఉన్నచోట మంట వెయ్యకూడదు, వంటకు స్టవ్వు పట్టుకుపోవాలి.

ఇప్పుడు లెక్క. కాగితం పెన్సిలూ తీసుకోండి. మా పిల్లలు నేలమీద కూర్చుని చేసిన లెక్క ఇదే.

పిల్లలు ఎనిమిదిమంది, పెద్దవాళ్ళు ముగ్గురు, మొత్తం పదకొండుమంది. మూడు రోజుల మకాం. మనిషికి రోజుకు ముప్పావు కిలో తిండి సామాను: బియ్యం, పప్పు, నూనె, ఉప్పు (ఈసారి రాశారు), చింతపండు, బెల్లం అన్నీ కలిపి. మొత్తం సుమారు 25 కిలోలు. గుడారాలు నాలుగు, ఒక్కొక్కటి నాలుగు కిలోలు: 16. గిన్నెలూ స్టవ్వూ 12. తాళ్ళు, టార్పాలిను, దీపాలు, మందుల పెట్టె 8. దుప్పట్లు మనిషికి రెండు కిలోల చొప్పున 22. కూడితే 83.

"రెండు గుర్రాలు చాలు!" అన్నాడొక కుర్రవాడు. వాడికి తొందర ఎక్కువ.

గుర్రం దాణా? గడ్డి అక్కడ మేస్తుంది గాని, బరువు మోసే గుర్రానికి రోజుకు రెండు కిలోల దాణా పెట్టాలి. ఉలవలు, తవుడు కలిపి పెడతారు. ఇంగ్లీషులో ఉలవలకు గుర్రపు పప్పు అనే అర్థం వచ్చే పేరుంది. ఉలవచారు తింటూ ఈ మాట మీ అమ్మగారితో అనండి. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని సామెత ఉండనే ఉంది. రెండు గుర్రాలకు మూడు రోజుల దాణా 12 కిలోలు. కలిపితే 95. వీపుమీద వేసే గోనె పరుపూ, కట్టే తాళ్ళూ గుర్రానికి అయిదు కిలోలు. మొత్తం 105.

ఒక గుర్రం ఎంత మొయ్యాలి? మన దేశంలో దీనికి 1965లోనే నియమాలు చేశారు. గాడిద 50 కిలోలు, పోనీ, అంటే చిన్నజాతి గుర్రం, 70 కిలోలు, కంచరగాడిద 200 కిలోలు మించి మొయ్యకూడదు. రోజుకు తొమ్మిది గంటలకు మించి పనిచేయించకూడదు. అయిదు గంటలకు మించి ఎడతెరిపి లేకుండా నడిపించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండునుంచి మూడుదాకా పని చెప్పకూడదు. 70 కిలోలు చట్టం పెట్టిన గీత. కాని గీత మీదికి పోవలసిన పని మనకు లేదు. గుర్రాలు తెలిసినవాళ్ళు, దాని బరువులో అయిదో వంతు మంచి బరువంటారు. 250లో అయిదో వంతు 50. రెండు గుర్రాలకు 100. మన బరువు 105!

అందరూ పట్టిక మీద పడ్డారు. ఏం తీసెయ్యాలి? క్రికెట్ బ్యాటు ఎప్పుడో తీసేశాం. ఒక చిన్నవాడు, ఆరో తరగతి, "నా దుప్పటి నేనే మోసుకుంటాను," అన్నాడు. వాడట్లా అన్నాక మిగిలినవాళ్ళకు తప్పలేదు. 22 కిలోలు దిగిపోయాయి. 83 మిగిలింది, గుర్రానికి నలభై ఒకటిన్నర. నాకు తృప్తి కలిగింది.

"మరి మేమెప్పుడు ఎక్కాలి?" అని అడిగారు.

ఎక్కరు. మీ బరువు ఒక్కొక్కరిది నలభై కిలోలు, జీను వేరే. మిమ్మల్ని ఎక్కించుకున్న గుర్రం మీ గుడారాన్ని మొయ్యలేదు. ఈ మాటకు ఇద్దరు ముగ్గురి మొహాలు వాడిపోయాయి. వాళ్ళకు అబద్ధం చెప్పి ఓదార్చడం నాకు చేతకాలేదు. గుర్రాలతో కలిసి నడవడం గుర్రాన్నెక్కడం కన్నా బాగుంటుందని మాత్రం చెప్పాను. నమ్మినట్టు లేరు.

అప్పుడు నేను, "ఇంకో గుర్రం రాయండి. మూడోది," అన్నాను.

సాయంత్రం ఆ పట్టిక చూసి, తయారు చేసిన తండ్రి నా దగ్గరికి వచ్చాడు. చాలా మర్యాదస్తుడు. "మాస్టారూ, మొత్తం 83 కిలోలు. రెండు గుర్రాలకే సరిపోయింది. మూడోది ఏమీ మొయ్యదంటున్నారు. ఊరికే నడిచే గుర్రానికి మూడు రోజుల కూలి ఎందుకండీ?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఆయనకు చెప్పిన జవాబు మీకూ చెబుతాను. ఇది నేను నలుగురిలో తరచు చెప్పే సంగతి కాదు.

1988 డిసెంబరులో నేను ఏజెన్సీలో ఒక బడిలో పంతుల్ని. తొమ్మిదో తరగతి పిల్లలు పన్నెండుమందిని తీసుకుని రెండు రాత్రులు కొండమీద మకాం పెట్టాలని బయలుదేరాను. సామానుకు ఒక ముసలాయన గుర్రాన్ని మాట్లాడుకున్నాను. గోధుమరంగు గుర్రం, నుదుట తెల్లమచ్చ. ఒక్కటే గుర్రం. బియ్యం మూటా గిన్నెలూ వేశాక పిల్లలు తమ సంచులు కూడా ఒకటొకటిగా దానిమీద పడేశారు. నేను చూస్తూనే ఉన్నాను. ముసలాయన తాడు బిగిస్తూ, "బరువు ఎక్కువైనాది బాబూ," అన్నాడు. నేను, "కొంచెం దూరమే కదా తాతా," అన్నాను. తరవాత నేను కూడి చూస్తే 90 కిలోలు దాటింది. అది కూడా తిన్నగా లేదు, బియ్యం మూట ఉన్న పక్కకు ఒరిగి ఉంది.

ఆ రాత్రి గుర్రం వీపుమీది గోనె తీసి ఎవరమూ చూడలేదు. పాటలు పాడుకున్నాం. రెండోరోజు పొద్దున ఒక పిల్లవాడికి చలిజ్వరం వచ్చింది. మధ్యాహ్నానికి వాడు నడవలేని స్థితికి వచ్చాడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఎనిమిది కిలోమీటర్లు దిగువన ఉంది. వాణ్ణి గుర్రంమీద దింపుదామని గోనె తీసేసరికి, మూపు దగ్గర అరచెయ్యంత మేర తోలు లేచిపోయి ఉంది. తాడు ఒక పక్కకు ఒరుసుకున్నదన్న మాట. చెయ్యి దగ్గరికి పోనిస్తేనే గుర్రం చర్మం వణికింది.

నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. పిల్లవాణ్ణి మోసుకుపోవడానికి నేనొక్కణ్ణే పెద్దవాణ్ణి, తక్కిన పదకొండుమందినీ విడిచిపెట్టి పోలేను. ముసలాయన ఏమీ అనలేదు. తన పైపంచె మడతలు పెట్టి, పుండు తగలకుండా మధ్యలో ఖాళీ వదిలి, దాని వీపున వేశాడు. బియ్యం, గిన్నెలు, గుడారం అన్నీ అక్కడే చెట్టు కింద వదిలేశాం. పిల్లవాణ్ణి ఎక్కించాం. ముసలాయన ఒక చేత్తో వాణ్ణి పట్టుకుని, రెండో చెయ్యి గుర్రం మెడమీద వేసి, దాంతో ఏదో మాట్లాడుతూ ఎనిమిది కిలోమీటర్లూ దింపాడు. పిల్లవాడికి మలేరియా అన్నారు. మందిచ్చారు, వారం రోజుల్లో లేచి తిరిగాడు.

గుర్రం పుండు మానడానికి దాదాపు రెండు నెలలు పట్టింది. సంక్రాంతి ముందు సంతలో నేను ఆ ముసలాయన్ని చూశాను. వలిసెల మూటలు కావిడిలో పెట్టుకుని తనే మోసుకు వస్తున్నాడు. గుర్రం ఖాళీ వీపుతో వెనక నడిచి వస్తున్నది. ఇంటి దగ్గర ఒక్కదాన్నీ వదిలితే ఉండదట. నేను వంద రూపాయలు ఇవ్వబోయాను. ఆయన మొదట తీసుకోలేదు. "దానికి నోరు లేదు బాబూ, నాకుంది. ఎక్కువైనాదని నేను గట్టిగా సెప్పాల్సింది," అన్నాడు. ఆయన చెప్పాడు. నేనే వినలేదు. ఆ మాట ఆయనతో అప్పుడే అనవలసింది. అనలేదు, డబ్బు చేతిలో పెట్టి వచ్చేశాను. మర్నాడు బడిలో భారాలూ తులాభారాలూ అని లెక్కలు చెప్పినప్పుడు పిల్లలవంక సూటిగా చూడలేకపోయాను.

మూడో గుర్రం ఎందుకంటే అందుకు. ఎవరికి జ్వరం వచ్చినా, కాలు మడతపడినా, మొదటి రెండు గుర్రాలలో ఒకటి కుంటినా, అప్పటిదాకా ఖాళీగా నడిచిన గుర్రం ఒకటి ఉండాలి. తన దాణా ఆరు కిలోలు తనే మోస్తుంది. మూడు రోజులూ ఏమీ జరగకపోతే, దాని యజమానికి కూలి దక్కుతుంది, దానికి విశ్రాంతి దక్కుతుంది.

ఆ తండ్రి ఇంకేమీ అడగలేదు.

తరవాతి వారం పిల్లలందరినీ నగరం శివార్లలో స్వారీ నేర్పే ఒకచోటికి తీసుకుపోయాను, ఎక్కడానికి కాదు, గుర్రాన్ని ఎరగడానికి. గుర్రం కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. కాబట్టి అది తల తిప్పకుండానే దాదాపు చుట్టూ చూడగలదు. సరిగ్గా ముక్కు ముందరా, తోక వెనకా మాత్రం దానికి కనిపించదు. కనిపించనిచోట అలికిడి అయితే తంతుంది. అధికారి ముందరా గాడిద వెనకా పోరాదని మన పెద్దలన్నారు. రెండోది గుర్రానికీ వర్తిస్తుంది. (మొదటిది నిజమని నాకు ఉద్యోగంలో తెలిసింది.) భుజం వైపునుంచి, మాట్లాడుతూ దగ్గరికి పోవాలి. పగ్గాన్ని చేతికి చుట్టుకోకూడదు, అది బెదిరి పరుగెత్తితే చెయ్యి ఊడుతుంది. సాయంత్రం సామాను దించగానే మనం టీ తాగకముందే అరచేతిని దాని వీపంతా నెమ్మదిగా రాసి చూడాలి. ఎక్కడైనా వేడిగా ఉన్నా, వాచినా, అది ఒళ్ళు వణికించినా మర్నాడు ఆ చోట బరువు పడకూడదు. గిట్టలో రాయి ఇరుక్కుందేమో చూడాలి, లాడం కదులుతోందేమో చూడాలి. చిన్నవాడు, దుప్పటి తనే మోస్తానన్నవాడు, అరగంటసేపు ఒక ముసలి గుర్రం వీపు తడుముతూ నిలబడ్డాడు. వాణ్ణి ఇంటికి తీసుకురావడం కష్టమైంది.

కేదారనాథ్ వెళ్ళే పెద్దలు కూడా ఈ నాలుగూ చూసి గుర్రం మాట్లాడుకోవచ్చు. వీపున పుండు ఉన్నదాన్ని, కుంటుతున్నదాన్ని, తక్కువ కూలికి వస్తుందని ఎక్కకండి.

మా ప్రయాణానికి ఇంకా వారాల వ్యవధి ఉంది. పిల్లలు రోజూ సాయంత్రం దుప్పటీ నీళ్ళ సీసా వీపున కట్టుకుని దుర్గం చెరువు చుట్టూ నడుస్తున్నారు. మొన్న డాబా మీద గుడారం వేశారు. గాలికి అది ఎగిరి పిట్టగోడకు తగులుకుంది. కాపలావాడు వచ్చి కేకలేశాడు. విశాఖపట్నానికి రైలు టిక్కెట్లు కొన్నారు. అక్కడినుంచి పాడేరుకు బస్సు. పాడేరులో నాకు తెలిసినవాళ్ళద్వారా మూడు గుర్రాల సంగతి కబురు పంపాను, ఇంకా జవాబు రాలేదు. రోజుకు పన్నెండు కిలోమీటర్లకు మించి నడవకుండా మజిలీలు గుర్తు పెట్టాం. కొండదారిలో బరువుతో గంటకు నాలుగు కిలోమీటర్లు నడిస్తే గొప్ప, మధ్యలో ఆగాలి గదా. మధ్యాహ్నం మూడింటికల్లా గుడారం దిగాలని నియమం.

కొత్త పట్టిక నిన్న అచ్చు వేసి తెచ్చారు. ముప్పైనాలుగు వరసలు. మొదటి వరసలోనే గుర్రాలు. మూడో గుర్రం ఎదుట "మోసే బరువు" అన్న గడిలో ఆ తండ్రి మొదట గీత పెట్టి, తరవాత కొట్టేసి "దాణా 6 కిలోలు" అని వేశాడు.

మీకొక లెక్క ఇస్తున్నాను. మీ ఇంట్లో ఎంతమంది ఉన్నారో అంతమందీ నాలుగు రోజులు కొండమీద ఉంటారనుకోండి. తిండి, గుడారాలు, గిన్నెలు, దుప్పట్లు మీ ఇంటి త్రాసులోనే తూచండి, ఊహించి వెయ్యకండి. గుర్రానికి 50 కిలోలకు మించకూడదు. దాణా, గోనె పరుపు మరిచిపోకండి. ఎన్ని గుర్రాలు కావాలి? ఏ సామాను ఇంట్లో వదిలేశారు? అదెవరిదో, దానికి వాళ్ళేమన్నారో కూడా నాకు రాయండి.

మీ
మాస్టారు